తొండానికి పడ్డ సొట్ట

సాయంత్రం ఐదున్నర. బూరలు బాగుచేసే దుకాణం వెనక రెండు గదుల ఇంట్లో ఒక తండ్రి, ఏడేళ్ళ కూతురు చాప మీద పక్కపక్కన బోర్లా పడుకొని ఉన్నారు. ఇద్దరి మధ్యా ఒక బొమ్మల పుస్తకం. మొదటి పేజీలో ఏటి ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ గున్న ఏనుగు. తల్లి నుంచి తప్పిపోయిందని దాని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. తర్వాతి పేజీలో తనంత ఎత్తు ఇత్తడి బూర పట్టుకున్న మనిషి. ఒక్కో బొమ్మ కింద రెండేసి వరుసల అక్షరాలు.

"చదువు నాన్నా," అంది కూతురు.

తండ్రి గొంతు సవరించుకున్నాడు. అక్షరాల కింద వేలు పెట్టి, మెల్లగా జరుపుతూ మొదలుపెట్టాడు.

"అనగనగా ఒక గున్న ఏనుగు. అది ఒళ్ళు తెలియకుండా పరిగెత్తి పరిగెత్తి బండరాయికి గుద్దుకుంది. దాంతో తొండానికి సొట్ట పడింది. ఇక చూడు, 'భోం' అని పిలుద్దామంటే 'బుస్' అని వస్తోంది. ఇది మా పిల్ల గొంతు కాదే అనుకొని తల్లి తన దారిన తాను పోయింది."

పాప పకపకా నవ్వింది. "అప్పుడు ఈ బూరల మేస్త్రీ వచ్చి సొట్ట తీశాడా?"

"ఆగాగు. ఆ పేజీకి ఇంకా రాలేదు."

ఆ సమయంలో కిటికీలోంచి ఎవరైనా తొంగిచూస్తే ముచ్చటపడిపోయేవారు. పగలంతా సుత్తి పట్టిన చేత్తో సాయంత్రం పుస్తకం పట్టే తండ్రి ఎంతమంది పిల్లలకు దొరుకుతాడు? కానీ చూసినవారికి తెలియని సంగతి ఒకటుంది. ఆ తండ్రికి చదవడం రాదు.

ఊళ్ళో బ్యాండు వాయించేవాళ్ళందరూ ఆయన్ని మేస్త్రీ అంటారు. బూరను చేతిలోకి తీసుకొని ఒక్కసారి ఊది, గాలి ఎక్కడ తప్పించుకుపోతోందో కళ్ళు మూసుకొని చెప్పేయగలడు. లోపలికి ఇనుప గుండు జారవిడిచి, పైనుంచి కొయ్య సుత్తితో తట్టి తట్టి, సొట్ట ఉండేదన్న ఆనవాలు కూడా లేకుండా చేయగలడు. అంతటి చెవి, అంతటి చేయి ఉన్న మనిషికి అక్షరం మాత్రం అందలేదు. బడిలో వేసిన నెలరోజులకే ఆయన తల్లి మంచం పట్టింది. చంటి చెల్లెల్ని చూసుకోవడానికి ఇంట్లో ఆపేశారు. అమ్మ లేవగానే పంపుదాం అనుకున్నారు. అమ్మ లేచేసరికి తోటిపిల్లలు మూడు తరగతులు దాటిపోయారు. చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడి ఆయనే వెళ్ళలేదు. పదహారో ఏట ఎవరో సంతకం నేర్పారు. అది ఆయనకు పేరు రాయడం కాదు, తీగ బొమ్మ గీయడం లాంటిది.

అయితే సంతకం వస్తే చాలు, చదువు వచ్చినట్టే లోకం లెక్క. ఎవరైనా కాగితం చేతికిస్తే, "కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను, కాస్త మీరే చదవండి" అనేవాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఒక కళ్ళజోడు కూడా కొన్నాడు. నిజానికి ఆయన చూపు డేగ చూపు. భార్యకు కూడా ఈ సంగతి తెలియదు. ఐదో తరగతి వరకు చదివానని పెళ్ళిచూపుల్లో చెప్పాడు. ఆ మాటను నిజం చేయడానికి పెళ్ళైన మర్నాటి నుంచి పత్రిక తెప్పించడం మొదలుపెట్టాడు. సిరా వాసన పీలుస్తూ పావుగంటసేపు పేజీలు తిప్పేవాడు. "ఏముంది ఇవాళ?" అని ఆమె అడిగితే, "ఏముంటుంది, మామూలే" అనేవాడు. తొమ్మిదేళ్ళుగా ఆ జవాబు ఎప్పుడూ తప్పు కాలేదు.

భార్య ఆసుపత్రిలో ఆయాగా చేస్తోంది. పొద్దున పదింటికి వెళితే రాత్రి తొమ్మిది దాటాక వస్తుంది. అందుకే కూతురి బడి, పుస్తకాలు, డైరీ అన్నీ తండ్రి వంతు. ఆ పిల్లను ఇంట్లో పిడుగు అంటారు. ప్రశ్న పుట్టిందంటే ఎక్కడో ఒకచోట పడాల్సిందే.

మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే పుస్తకం. మేస్త్రీకి నిన్న చెప్పిన కథ సగం గుర్తులేదు. "అనగనగా ఒక గున్న ఏనుగు. దాని తొండంలోకి కందిరీగ దూరింది..." అంటూ అందుకున్నాడు.

పిడుగు లేచి కూర్చుంది. "నిన్న సొట్ట అన్నావుగా?"

"అన్నానా?"

"అన్నావు. ఇదే పేజీలో, ఇక్కడే వేలు పెట్టి."

మేస్త్రీ ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే నవ్వేశాడు. "పుస్తకమంటే అంతేనే. రోజుకో రకంగా ఉంటుంది."

తను తప్పించుకున్నాననుకున్నాడు. కానీ ఆ మాట పిల్ల మనసులో వేరేరకంగా నాటుకుంది. అక్షరాలు రాత్రికి రాత్రి మారిపోతాయన్నమాట! పొద్దున లేవగానే పళ్ళు కూడా తోముకోకుండా పుస్తకం తెరిచి చూసింది. అక్షరాలు నిన్నటిలాగే కనబడుతున్నాయి. మరి మాట ఎలా మారింది? ఎంత ఆలోచించినా తెగలేదు. చివరికి తనకు తోచినట్టు సర్దుకుంది. చదవడమంటే బొమ్మ చూసి చెప్పడం. కింద ఉన్న గీతలు ఊరికే, దానికి అలంకారం.

ఆ వారం చివర బడిలో టీచరమ్మ ఆ పుస్తకమే తెరిచి అడిగింది. "ఇక్కడ ఏం రాశారో చదువు."

పిడుగు ధీమాగా లేచి నిలబడింది. "ఏనుగు తొండానికి సొట్ట పడింది."

తరగతి అంతా గొల్లుమంది. టీచరమ్మ కూడా ముందు నవ్వింది. "సొట్ట ఎక్కడుంది? ఆ మాట చూపించు."

పిడుగు ఒక వరుస మీద వేలు పెట్టింది. టీచరమ్మ ముఖం చూసి, వేలు తీసి ఇంకో వరుస మీద పెట్టింది. "ఇవాళ ఎక్కడుందో తెలీదండీ. మా నాన్న చదివినప్పుడు ఉంది."

"చదవడం రాకపోతే రాదని చెప్పు. మీ నాన్న మీద పెట్టి అబద్ధాలు చెప్పకు."

ఆ రోజు నుంచి వెనకబెంచీ పిల్లలు ఆమెను 'సొట్ట' అని పిలవడం మొదలుపెట్టారు.

టీచరమ్మ చెడ్డమనిషి కాదు. నలభై రెండు మంది పిల్లల్ని ఒక్కత్తే సంబాళిస్తోంది. చురుకైన పిల్ల, ఎక్కడో చిక్కుపడిందని ఆమెకూ అర్థమైంది. అందుకే డైరీలో రాసింది: 'మీ అమ్మాయి చదువు గురించి మాట్లాడాలి. ఒకసారి రండి.' మర్నాడు దాని కింద తండ్రి సంతకం వచ్చింది, తండ్రి రాలేదు. వారానికి మళ్ళీ రాసింది. మళ్ళీ సంతకం. మూడోసారి ఎర్రసిరాతో రాసింది. మూడో సంతకం ఇంకా అందంగా వచ్చింది. 'ఎంత పొగరు!' అనుకొని టీచరమ్మ రాయడం మానేసింది.

ఇంట్లో జరిగిందేమిటంటే, సంతకం పెట్టేముందు పిడుగు ప్రతిసారీ అడిగేది. "ఏం రాశారు నాన్నా?"

"బాగా చదువుతున్నావని రాశారు."

"నిజంగా?"

"ఎర్రసిరాతో రాశారంటే చూడు మరి!"

ఏడేళ్ళ పిల్ల దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? బడిలో టీచరమ్మ కసురుతుంది, డైరీలో మెచ్చుకుంటుంది. నాన్న వేలు పెడితే అక్షరాలు మాట్లాడతాయి, తను వేలు పెడితే నోరు మూసుకుంటాయి. ఎవరు నిజమో, ఏది నిజమో తేలక ఆ పిల్ల రోజంతా తల గోక్కుంటూ తిరిగేది. ఒక సాయంత్రం పుస్తకం తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టి, కథ అడగలేదు.

"నాన్నా, 'సొట్ట' అన్న మాట మీద వేలు పెట్టు. ఒక్క మాట చాలు."

మేస్త్రీ వేలు పేజీ మీద కాసేపు తచ్చాడింది. ఎక్కడా దిగలేదు.

"ప్రతిదానికీ ఎదురు ప్రశ్నలేనా? మూసెయ్ పుస్తకం!"

తండ్రి అలా అరవడం ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. పుస్తకం మూసి, సంచిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. మేస్త్రీ దుకాణంలోకి వెళ్ళి, బాగానే ఉన్న బూరను విప్పి మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు. తనకెందుకంత కోపం వచ్చిందో ఆయనకే బోధపడలేదు.

రెండు రోజుల తర్వాత డైరీలో ఒక అచ్చుకాగితం అంటించి వచ్చింది. మేస్త్రీ అలవాటు ప్రకారం సంతకం గీశాడు. ఆ మర్నాడు సాయంత్రం నాలుగింటికి, రోజూలాగే, కూతుర్ని తీసుకురావడానికి వెళ్ళాడు.

గేటుకు తాళం. లోపల నరపురుగు కూడా లేదు. సెలవేమో అనుకున్నాడు. సెలవైతే పొద్దున తనే దింపి వెళ్ళాడు కదా? తనే వేళ తప్పి వచ్చాడా? గేటుకు ఒక కాగితం అంటించి ఉంది. దాని ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. అటుగా వెళుతున్న ఒకావిడను ఆపాడు.

"అమ్మా, కళ్ళజోడు మరిచిపోయాను. ఇదేమిటో కాస్త..."

ఆవిడ చదివింది. "నీళ్ళ గొట్టాలు బాగుచేస్తున్నారట. ఇవాళ పన్నెండింటికే బడి వదిలేస్తామని నిన్ననే తల్లిదండ్రులకు కాగితం పంపారట."

పన్నెండింటికి! మేస్త్రీ పక్కవీధిలో ఉండే బడి కాపలాదారును పట్టుకున్నాడు. "మీ పాపా? ఎవరో ఒకావిడ వెనకాలే వెళ్ళిందే! మీవాళ్ళే అనుకున్నాను," అన్నాడతను. మేస్త్రీ ఆ వీధీ ఈ వీధీ తిరిగాడు. ఏడేళ్ళ పిల్ల, నీలం సంచి, రెండు జడలు. అడిగిన ప్రతివారూ ఒక్కో దిక్కు చూపించారు. చెప్పులు ఎక్కడ తెగాయో తెలియదు. ఒక బస్సు దగ్గర ఆగి, అది ఎక్కడికి పోతుందో తెలియక ఎక్కబోయి దిగిపోయాడు. భార్యకు ఫోను చేయాలంటే చేయి రాలేదు. ఏమని చెప్పాలి?

ఐదు దాటాక జేబులో ఫోను మోగింది.

"ఏమయ్యా, నీలం సంచి పిల్ల మీదేనా? ఇక్కడ పశువుల ఆసుపత్రిలో ఉంది. డైరీలో ఈ నంబరుంటే చేశాను."

పశువుల ఆసుపత్రి అక్కడికి మైలు దూరం. మేస్త్రీ వట్టికాళ్ళతో పరిగెత్తాడు. లోపల పొడుగాటి బల్ల మీద, కాలికి కట్టు కట్టిన మేకపిల్లకూ, మూలుగుతున్న కుక్కకూ మధ్యన పిడుగు కూర్చొని ఉంది. తండ్రిని చూడగానే ఏడవలేదు. తప్పుచేసినట్టు తలదించుకుంది.

"ఇక్కడికెలా వచ్చావే?"

"నువ్వు ఎంతకీ రాలేదు. అమ్మ దగ్గరికి వెళదామని. అమ్మ ఆసుపత్రి మీద కూడిక గుర్తుంటుంది కదా. ఆ గుర్తున్న చోటికల్లా వెళ్ళాను. రెండు మందుల కొట్లు అయ్యాయి. అక్కడ అమ్మ లేదు. ఇక్కడ చాలా పెద్ద గుర్తుంది." మేకపిల్ల వైపు చూసి, సందేహంగా అడిగింది. "అమ్మ మేకలకి కూడా చేస్తుందా?"

కాంపౌండరు పెద్దావిడ. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బయట ఇంతింత అక్షరాలతో పశువుల ఆసుపత్రి అని రాసుంది. చదువుకునే పిల్లవి, చూసుకోవద్దా అంటే, అక్షరాలు రోజూ మారిపోతాయి కదా అంటుంది! ఎవరు చెప్పారే నీకు?" అని, మేస్త్రీ వైపు తిరిగింది. "అది సరే, నువ్వేం తండ్రివయ్యా? పన్నెండింటికి బడి వదిలేస్తామని కాగితం పంపారు. సంతకం పెట్టావు. అంతకుముందు మూడుసార్లు, పిల్లకు చదువు ఎక్కడంలేదు, వచ్చి మాట్లాడండి అని ఆ టీచరు బతిమాలి రాసింది. మూడింటికీ సంతకాలే! ఒక్కసారైనా వెళ్ళావా?"

పిడుగు తలెత్తింది. "ఎర్రసిరాతో బాగా చదువుతున్నానని కదా రాసింది?"

కాంపౌండరు పిల్లనూ తండ్రినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ఆ గదిలో అర్థమైనవాడు ఒక్కడే. తను గీసిన నాలుగు తీగలు నాలుగు గోడలై కూతుర్ని ఎక్కడ నిలబెట్టాయో ఆయనకు ఇప్పుడు కనిపించింది. కళ్ళజోడు మరిచిపోయానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నాకు చదవడం రాదమ్మా," అన్నాడు.

ముప్పై ఐదేళ్ళలో ఆ మాట ఆయన నోటినుంచి రావడం అదే మొదలు. నెత్తిన పిడుగేమీ పడలేదు. కుక్క మూలుగుతూనే ఉంది.

పిడుగు కనుబొమలు ముడిపడ్డాయి. "మరి సొట్ట?"

"పుస్తకంలో లేదు. బొమ్మ చూసి నేనే కల్పించాను. కందిరీగ కూడా నాదే. అక్షరాలు మారవే తల్లీ. నాకు రాక, నేనే మార్చి చెప్పాను."

పిడుగు చిన్నగొంతుతో అడిగింది. "అయితే బడిలో నేను అబద్ధం చెప్పలేదా?"

"లేదు. చెప్పింది నేను."

అప్పుడు ఏడ్చింది పిడుగు. అంతసేపూ బిగబట్టుకున్నదంతా వెళ్ళగక్కింది. కాంపౌండరు ఇక తిట్టలేదు. సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసి, "అసలు దీంట్లో ఏముందో చూద్దాం పట్టండి" అని గట్టిగా చదివింది. తప్పిపోయిన గున్న ఏనుగు బూర చప్పుడు విని, తల్లి పిలుస్తోందనుకొని ఆ వెంటే పోయింది. బూర ఊదే మనిషి ఎటు తిరిగితే అటు తిరిగి ఇంకా దూరమైపోయింది. సంగతి తెలిసిన ఆ మనిషి బూర పక్కన పెట్టి, చేయి పట్టుకొన్నట్టు తొండం పట్టుకొని అడవిదాకా నడిపించాడు.

పిడుగు కళ్ళు తుడుచుకుంది. "ఇంతేనా? నాన్న కథే బాగుంది."

రాత్రి భార్య వచ్చాక మేస్త్రీ అంతా చెప్పాడు. ఆమె గోడకు చేరగిలబడి విన్నది. కూతురు మైలు దూరం ఒంటరిగా నడిచిందన్నప్పుడు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చివరికి అడిగింది. "తొమ్మిదేళ్ళుగా ఆ పత్రిక ఎందుకు తెప్పిస్తున్నావు మరి?"

"బూరలు చుట్టడానికి పనికొస్తోంది."

ఆమెకు నవ్వు, కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "నాకు చెబితే నేను నవ్వుతాననుకున్నావా?"

"అనుకోలేదు. చెబుదామనే అనుకున్నాను. ఏ రోజుకారోజు ఇంకా ఆలస్యమైపోయింది."

పొద్దున ఆమె డ్యూటీ వేళ మార్చుకుంటానని చెప్పి, భర్తతో కలిసి బడికి వెళ్ళింది. మేస్త్రీ టీచరమ్మ ముందు చేతులు కట్టుకొని నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. టీచరమ్మ ముఖం పాలిపోయింది.

"మీరు పొగరుబోతనుకున్నానండీ. చదవలేని వారికి చీటీ మీద చీటీ రాస్తున్నానని ఒక్కసారి కూడా తట్టలేదు. పిల్లను అందరిముందూ అబద్ధాలకోరు అన్నాను."

ఆమె ఆ మాటను తరగతిలోనే, అందరిముందూ వెనక్కి తీసుకుంది. పిల్లలు 'సొట్ట' అనడం వెంటనే మానలేదు. పిడుగుకు అక్షరాల మీద నమ్మకం కూడా వెంటనే రాలేదు. కొత్తమాట నేర్చుకున్న ప్రతిసారీ దానిమీద వేలు పెట్టి, "రేపు కూడా ఇది ఇదేనా?" అని అడిగేది. "రేపూ ఇదే, ఎల్లుండీ ఇదే" అని తల్లి ఓపిగ్గా చెప్పేది.

నెలాఖరున బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఇకనుంచి ముఖ్యమైన కబుర్లు చీటీలో రాయడంతోపాటు గేటు దగ్గర నోటితో కూడా చెబుతామని టీచరమ్మ అంది. వెనకనుంచి ఎవరో, "ఎందుకండీ, ఈ రోజుల్లో చదవడం రానివాళ్ళు ఎవరున్నారు?" అన్నారు. కొందరు నవ్వారు.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేనున్నాను," అన్నాడు. "నాకు రాదు. రాదని చెప్పక నా కూతుర్ని వీధుల్లో పోగొట్టుకున్నాను. దేవుడి దయవల్ల దొరికింది."

ఎవరో నవ్వుతారని ఎదురుచూశాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి కిటికీ పక్కన కూర్చున్న ఒక అవ్వ చేయి ఎత్తింది. ఆమె తర్వాత, ఇస్త్రీ నలగని బట్టల్లో ఉన్న ఒక లారీ డ్రైవరు. పక్కనున్న భార్య అతని ముఖంలోకి విస్తుపోయి చూసింది. "బోర్డుల రంగులు గుర్తుపెట్టుకుంటాను," అని గొణిగాడు అతను. తర్వాత ఇంకొకామె. మొత్తం ఏడు చేతులు. రెండేళ్ళుగా ఆ ఏడుగురి సంతకాలూ డైరీల్లో చూస్తున్న టీచరమ్మ తన కుర్చీలోంచి లేచింది.

"వారానికి రెండు రోజులు బడి వదిలాక ఈ గదిలోనే కూర్చుందాం. బెంచీలు చిన్నవి, మోకాళ్ళు పట్టకపోవచ్చు, సర్దుకోండి," అంది. "ఒక్క మాట గుర్తుంచుకోండి. చిన్నప్పుడు మీకు చదువు అందకపోవడం మీ తప్పు కాదు, దానికి సిగ్గుపడాల్సింది మీరు కాదు. కానీ ఆ సిగ్గును దాచుకుంటే దాని బరువు మోసేది మీ పిల్లలే. 'నాకు రాదు, నేర్పండి' అని పెద్దవాళ్ళు అనగలిగిన ఇంట్లోనే పిల్లలు నిర్భయంగా నేర్చుకుంటారు."